కెమెరా సరే... తాళంచెవి ఎవరి దగ్గర?

మా అమ్మాయి పురిటికని ఇంగ్లండ్ వెళ్లినప్పటి మాట ఇది. పొద్దున్నే వాళ్ల వీధిలో నడకకి వెళ్తే, ఆపకూడని చోట ఆపిన కార్లకి జరిమానా చీటీలు అంటిస్తూ ఓ పిల్ల కనబడేది. పలకరిస్తే మన తెలుగమ్మాయే! అక్కడి కౌన్సిల్లో, అంటే మన మునిసిపాలిటీ లాంటి దాన్లో, ఉద్యోగమట. ఆమె కోటు మీద, సరిగ్గా గుండెల దగ్గర, సబ్బుబిళ్లంత కెమెరా ఒకటి తగిలించి ఉంది.

"ఏంటమ్మాయ్, సినిమా తీస్తున్నావా?" అన్నాను నవ్వుతూ.

"ఇది లేకపోతే బతకలేను ఆంటీ. చీటీ అంటించగానే మీద మీదకొస్తారు. నోటికొచ్చినట్టు తిడతారు. మీ దేశం పొమ్మంటారు. 'రికార్డు చేస్తున్నానండీ' అన్నానా, చాలామంది గొంతు తగ్గిస్తారు" అంది.

అలాగైతే రోజంతా ఆడుతూనే ఉంటుందా అని అడిగాను. ఉండదట. గొడవ ముదిరేలా ఉంటేనే వెయ్యాలి. వేసేముందు ఎదుటి మనిషికి చెప్పాలి. బొమ్మే కాదు, మాట కూడా పడుతుందని చెప్పాలి. "పక్కనుంచి పిల్లల్ని బడికి తీసుకెళ్లే తల్లులుంటారు. వాళ్లు చేసిన పాపమేంటి, నా కెమెరాలో పడటానికి?" అంది. ఆ మాట నాకు భలే నచ్చింది.

డ్యూటీ దిగాక కెమెరాని ఆఫీసులో ఒక పెట్టెలో గుచ్చితే, వీడియో దానంతటదే కంప్యూటర్లోకి వెళ్లిపోతుందట. తీసిన మనిషే అయినా దాన్ని తుడిచెయ్యలేదు, ఇంటికి పట్టుకుపోలేదు. కెమెరా ఎక్కడైనా పారేసుకున్నా, దొరికినవాడు తెరిచి చూడలేడు. వాళ్ల ఆఫీసులో ఆ వీడియోలు చూసే అధికారం ఇద్దరు ముగ్గురికే ఉంది. ఎవరు ఎప్పుడు చూశారో లెక్క ఉంటుంది. ఫిర్యాదూ కేసూ ఏదీ లేకపోతే నెల తిరిగేసరికి చెరిపేస్తారు.

ఇది వాళ్ల మంచితనం అనుకునేరు. చట్టం! స్థానిక సంస్థలూ పోలీసులూ ఇలాంటి కెమెరాలు వాడితే పాటించాల్సిన 12 సూత్రాలతో అక్కడ 2013లో ఒక నియమావళి వచ్చింది. 2018 నాటి డేటా రక్షణ చట్టం కూడా ఉంది. "నా వీడియో నాకివ్వండి" అని ఎవరైనా అడగొచ్చు. మామూలుగా పైసా తీసుకోకుండా నెలలోగా ఇవ్వాలి. అందులో పడ్డ పక్కవాళ్ల మొహాలు అవసరాన్ని బట్టి మసక చేసి మరీ ఇస్తారు.

వింటుంటే నాకు మా ఊళ్లో ఆకుకూరలమ్మే ఆవిడ గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందట రోడ్డు పక్క బళ్లు తీయించడానికి సిబ్బంది వచ్చారు. ఆవిడ బండి వదల్లేదు. పెనుగులాటలో పైట జారింది. ఆ సిబ్బందిలోనే ఒకతను అదంతా తన సొంత ఫోనులో తీశాడు. సాయంత్రానికల్లా అది ఊరందరి వాట్సాప్‌లో ఉంది. కింద నవ్వే బొమ్మలు! ఆవిడ నెల్లాళ్లు బజారు మొహం చూడలేదు. పదో తరగతి చదివే కొడుకు బడికి పోనని కూర్చున్నాడు. ఎవరిని అడగాలి? ఏ కాయితం మీద అడగాలి? "ఎవడో పెట్టాడు, మాకేం తెలుసు" అన్నారు. అంతే!

మా వారితో ఈ మాటంటే, "తప్పు చెయ్యనివాళ్లకి కెమెరా అంటే భయమెందుకు?" అన్నారు. రాత్రి తలుపుకి గడియ పెట్టుకునేది తప్పు చెయ్యడానికేనా అని అడిగాను. ఇంకేం మాట్లాడలేదు.

కెమెరాలు వద్దనడం లేదు నేను. ఆరోజు అక్కడ ఆఫీసు కెమెరా ఉంటే ముందు చెయ్యి వేసిందెవరో తేలేది. ఆవిడకీ న్యాయం జరిగేది. ఇంటిపన్ను వసూలుకి గుమ్మం గుమ్మం తిరిగే ఆడపిల్లలకీ, తెల్లారకముందే రోడ్లూడ్చే అమ్మలకీ తోడుండేది. మన దగ్గర ట్రాఫిక్ పోలీసులు కొందరు ఇప్పటికే పెట్టుకుంటున్నారు. రేపు మునిసిపాలిటీ వాళ్లూ పెట్టుకుని మన గుమ్మంలోకి వస్తారు. మనం నైటీలో ఉంటాం, వెనక గదిలో పిల్ల స్నానం చేసి తల ఆరబెట్టుకుంటూ ఉంటుంది. ఆ బొమ్మ ఎక్కడికి పోతుంది?

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అయితే ప్రభుత్వ సంస్థలకి మినహాయింపులిచ్చే దారులు ఆ చట్టంలోనే ఉన్నాయి. కాబట్టి చట్టం ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోలేం.

మన వార్డులో కెమెరాలొస్తే మొదటిరోజే నాలుగు ప్రశ్నలడుగుదాం. వేసేముందు మాకు చెబుతారా? వీడియో ఎవరు చూస్తారు? ఎన్నాళ్లుంచుతారు? బయటికి పొక్కితే ఎవరు జవాబుదారీ? వీటికి జవాబులు రాసి ఆఫీసు గోడకి అంటించమందాం. సిబ్బంది ఎవరూ సొంత ఫోనులో తీయకూడదని కూడా రాయమందాం.

ఆకుకూరలావిడ మళ్లీ బండి పెట్టింది. కానీ ఎవరైనా ఫోను పైకెత్తితే చాలు, పైట బిగించుకుని మొహం పక్కకి తిప్పేస్తుంది. పాపం, ఆ ఫోను ఎత్తినామె కొత్తిమీర కట్ట ధర వాళ్లాయన్ని అడుగుతోందంతే!