ఇంపాలా పోయింది.. పొడవు పోలేదు

పాత సినిమాల్లో జమీందారు గారి గొప్పతనం చూపించాలంటే పోర్టికోలోకి ఒక పొడవాటి విదేశీ కారు వచ్చి ఆగేది. అలాంటి కారు అనగానే మన పెద్దవాళ్ల నోటికొచ్చే పేరు ‘ఇంపాలా’.

నిజానికి అది ఆఫ్రికాలో తిరిగే ఒక జింక పేరు. అమెరికాలో షెవర్లే కంపెనీ 1958లో తన బెల్ ఎయిర్ కార్లలో ఖరీదైన రకానికి ఆ పేరు పెట్టింది. మరుసటి ఏడాదే ఇంపాలా విడి మోడల్ అయిపోయింది. ఆ 1959 కారుని వెనక నుంచి చూడండి, ఏదో పెద్ద పక్షి రెక్కలు విప్పినట్టు ఉంటుంది! పెట్రోలు చవక, రోడ్లు కొత్తవి, జనం చేతిలో డబ్బు. ఇంకేం కావాలి? 1965లో ఒక్క ఏడాదిలోనే పది లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. దానికే ఇంకొన్ని సోకులద్ది ‘కాప్రిస్’ అని ఇంకో రకం దింపారు.

ఇక ఏటేటా ఒళ్లు చేయడమే పని. 1976 నాటికి పొడవు 222.7 అంగుళాలు, అంటే పద్దెనిమిదిన్నర అడుగులు. మన మారుతి 800 పదకొండు అడుగులు కూడా ఉండదు మరి.

ఈలోగా 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. బంకుల ముందు క్యూలు కట్టిన జనానికి ఈ ఏనుగుని మేపడం కష్టమైంది. అప్పుడు ఇంజినీర్లు చేసిన పని నాకు భలే నచ్చుతుంది. 1977 మోడల్‌లో పొడవు పది అంగుళాలకు పైగా కోసేశారు. బరువు దాదాపు 270 కిలోలు దించేశారు. కానీ లోపల తల దగ్గర చోటు, డిక్కీ మాత్రం పెరిగాయి! కోడ్ రాసేవాళ్లం దీన్నే రీఫ్యాక్టరింగ్ అంటాం. అనవసరమైంది తీసేయాలి, వాడేవాడికి ఏదీ తగ్గకూడదు. ఆ ఏడాది మోటార్ ట్రెండ్ పత్రిక ‘కార్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు కాప్రిస్‌కే ఇచ్చింది.

మరి పాఠం వంటబట్టిందా? అబ్బే!

1975లో అమెరికా మైలేజీ చట్టం తెచ్చింది. దాని ప్రకారం 1985కల్లా కార్ల సగటు గ్యాలన్‌కి 27.5 మైళ్లు ఉండాలి. ‘లైట్ ట్రక్కు’లకి మాత్రం లెక్క వేరు, పట్టు సడలింది. ఎస్‌యూవీలు ఆ ఖాతాలోకే వచ్చాయి. పెద్ద బండి కావాలనుకునేవాళ్లు మెల్లగా అటు జరిగారు. ఆ గిరాకీ చూసి 1996లో కాప్రిస్‌నీ, ఇంపాలా ఎస్‌ఎస్‌నీ ఆపేసి, టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీని ఎస్‌యూవీలకి అప్పజెప్పారు. ఇంపాలా పేరు 2000 మోడల్‌గా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మీద తిరిగొచ్చింది. 2020 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో ఆఖరి కారు తయారైంది.

ఇప్పుడు అదే ఆర్లింగ్టన్ నుంచి వస్తున్న షెవర్లే సబర్బన్ పొడవు 225 అంగుళాలు దాటింది. 1976 నాటి కారు కన్నా ఎక్కువే! చట్టం కారుని సన్నబరిస్తే, ఒళ్లంతా పక్క ఖాతాలోకి వెళ్లి కూర్చుంది.

మన దగ్గరా ఇప్పుడు ఎస్‌యూవీల మోజే. ఈసారి షోరూముకి వెళ్తే సన్‌రూఫ్ తర్వాత చూడొచ్చు. ముందు బరువెంతో, లోపల చోటెంతో అడగండి. ఆ రెండూ ఒకటి కాదని 1977లోనే తేలిపోయింది.