చీరకు బిల్లుంది, కట్టినమ్మకు లేదు

మోడలింగ్ చేస్తున్నానంటే మా ఖమ్మం చుట్టాలు రెండే ప్రశ్నలు వేస్తారు. "ఎలాంటి బట్టలు వేయిస్తారమ్మా?" అనేది మొదటిది. "సినిమాల్లోకి ఎప్పుడు?" అనేది రెండోది. డబ్బులు టైముకి ఇస్తున్నారా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. అసలు అడగాల్సింది అదే.

నేను ర్యాంపు మీద నడిచేదాన్ని కాదు, చీరల కేటలాగ్‌ మోడల్‌ని. ఆషాఢం ఆఫర్ల ఫ్లెక్సీల మీద, హోల్‌సేల్ వ్యాపారులు వాట్సాప్‌లో పంపుకునే ఫొటోల్లో, ఫోన్లో మీరు వేలితో పైకి నెట్టేసే బొమ్మల్లో ఉంటాను. 2025 మేలో హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పుడు మా వీధిలోవాళ్లు "నువ్వు పోలేదేంటి?" అన్నారు. ఆ కిరీటాల సంగతి వేరు. మోడలింగ్ మీద ఇంటద్దె కట్టుకుంటూ బతికేవాళ్లు, నాకు తెలిసినంతలో, ఎక్కువమంది మా బాపతే.

ఒక రోజు షూట్ అంటే ముప్పై, నలభై చీరలు. తీసిన చీర మళ్లీ షాపుకెళ్లి అమ్ముడుపోవాలి కాబట్టి ఫాల్ కుట్టరు, జాకెట్ ముక్క కత్తిరించరు. ఆ ముక్కనే ఒంటికి చుట్టి, ముందు నుంచి చూస్తే కుట్టిన జాకెట్టే అనిపించేలా వెనక పిన్నీసులు, క్లిప్పులు పెడతారు. చీర కట్టే అక్క చెయ్యి తిరిగిన మనిషైతే పది నిమిషాల్లో తేల్చేస్తుంది. కొత్త మనిషైతే పిన్ను వీపులో దిగుతుంది. క్లిప్పుల వల్ల వెనక్కి ఆనుకోలేం. కుచ్చిళ్లు నలుగుతాయని కూర్చోనివ్వరు. శ్రావణమాసం పట్టుచీరలు మే ఎండల్లో తీస్తారు. చెమట మరక పడిందంటే ఆ చీర నా లెక్కలో రాస్తారు. బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే అన్నీ విప్పి మళ్లీ కట్టాలి, దానికి ఎవరికీ టైముండదు. అందుకే పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లతో గడిపేస్తాం. నా తోటివాళ్లలో మూత్రంలో మంట అంటే ఏమిటో తెలియనివాళ్లు లేరు.

బట్టలు మార్చుకునే గది చాలాచోట్ల స్టాండుకు వేలాడేసిన దుప్పటే. ఎవరైనా హద్దు మీరితే, పనిచేసిన చోట కమిటీ లేకపోయినా జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేసే వీలు 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టంలో ఉంది. మాలో ఎక్కువమందికి ఆ కబురే తెలియదు. తెలిసి ఫిర్యాదు చేసిన పిల్లకు మర్నాటి నుంచి ఫోన్ మోగదు. రంగు గొడవ సరేసరి: మేకప్‌లో రెండు షేడ్లు పెంచుతారు, కంప్యూటర్‌లో ఇంకో రెండు. గద్వాల చీర అమ్మడానికి కూడా "ముంబయి ఫేస్ లేదా?" అని నా ముందే అడుగుతారు.

వీటన్నిటినీ పళ్లబిగువున భరించొచ్చు. డబ్బు దగ్గరే ప్రాణం విసిగిపోతుంది. పని చెప్పేది కోఆర్డినేటర్, ఫోన్లో. రేటు చెప్పేదీ ఫోన్లోనే. కాగితం ఉండదు. షూట్ అయ్యాక రెండు నెలలు, మూడు నెలలు "పార్టీ నుంచి ఇంకా రాలేదమ్మా" అనే మాట వింటూ ఉండాలి. వచ్చినప్పుడు అతని కమీషన్ ఎంత పట్టుకున్నాడో అతనికే ఎరుక. ఒక షాపువాళ్లయితే పేమెంట్ బదులు చీర తీసుకోమన్నారు, పొద్దున్నుంచీ నేను కట్టి విప్పిన వాటిలోంచే. ఇక కొత్తగా వచ్చే పిల్లల దగ్గరైతే ఎదురు వసూలే. పోర్ట్‌ఫోలియో అని, రిజిస్ట్రేషన్ అని వేలకు వేలు గుంజి నాలుగు ఫొటోలు చేతిలో పెట్టేవాళ్లున్నారు. పని ఇప్పించకముందే డబ్బడిగేది ఏజెన్సీ కాదు, ఫొటో స్టూడియో.

నేనుండేది హైదరాబాద్ కృష్ణానగర్‌లో. మా పక్కింటాయన సినిమాల్లో లైట్‌మన్. ఆయనకు యూనియన్ కార్డుంది. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికులు షూటింగులు ఆపేస్తే, నిర్మాతలు దిగొచ్చి కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. నేను పని ఆపేస్తే కోఆర్డినేటర్ ఇంకో అమ్మాయికి ఫోన్ చేస్తాడు, అంతే. రాతపూర్వక ఒప్పందం లేకుండా సినిమా కార్మికుల్ని పనిలో పెట్టుకోకూడదని 1981లోనే చట్టం చేశారు. మాకు అలాంటి రాత ఒక్కటీ లేదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో నా మొహమే చెబుతుంది. ఒక సీజన్ కోసమని తీసిన ఫొటో నాలుగేళ్ల తర్వాత వేరే ఊళ్లో, వేరే షాపు ఫ్లెక్సీ మీద కనిపించింది. నేను కట్టింది ఆకుపచ్చ చీర, ఫ్లెక్సీలో వంకాయ రంగు. ఒక్క ఫొటో తీసి ఏడు రంగులు దించడం కేటలాగుల్లో పాత అలవాటే. ఇప్పుడు రంగుతో ఆగడం లేదు. కొత్త చీరను బల్ల మీద పరిచి ఫొటో తీసి, ఏఐతో నా పాత ఒంటికి చుట్టేస్తున్నారు. నాకు కబురూ లేదు, రూపాయీ లేదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద కాపీరైట్, వేరే ఒప్పందం రాసుకోకపోతే, తీయించుకున్నవాళ్లదే. అందులో ఉన్న మనిషికి దాంట్లో వాటా లేదు. 2025లో హెచ్‌అండ్‌ఎం కంపెనీ 30 మంది మోడళ్లకు డిజిటల్ కవలల్ని తయారుచేస్తామని ప్రకటించినప్పుడు, కనీసం ఆ మోడళ్ల అనుమతితోనే అని చెప్పుకుంది. ఇక్కడ అడిగే దిక్కు లేదు.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2025 జూన్ 19న మోడళ్ల కోసం ఒక చట్టం అమల్లోకి వచ్చింది. ఏజెన్సీ కమీషన్ 20 శాతం దాటకూడదు. ముందుగా ఫీజులు, డిపాజిట్లు వసూలు చేయకూడదు. ఎనిమిది గంటలు దాటితే గంటకు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. మనిషికి డిజిటల్ నకలు తయారుచేయాలంటే విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, ఎంత ఇస్తారో, ఎన్నాళ్లు వాడతారో అందులోనే రాయాలి. ఇవేం గొంతెమ్మ కోరికలు కావు. మేస్త్రీతో గోడ కట్టించుకునేటప్పుడు మనం మాట్లాడుకునే సంగతులే.

చిన్న వ్యాపారులం, మార్జిన్లు లేవు అని షాపులవాళ్లు అంటారు. వాళ్ల ఇబ్బంది నిజమే కావచ్చు. కానీ హోర్డింగ్ అద్దె ముందే కడతారు. డబ్బు చేతిలో పడితేగానీ ప్రింటర్ ఫ్లెక్సీ బయటికివ్వడు. ఆ ఫ్లెక్సీ మీద నిలబడ్డ మనిషి దగ్గరికొచ్చేసరికే మార్జిన్లు గుర్తొస్తాయి.

చిన్న సంస్థగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైనవాళ్లకు 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. నేను నమోదు చేయించుకున్నాను. బిల్లు మీద ఆ నంబరు వేయడం మొదలుపెట్టాక కొందరు తొందరగా ఇస్తున్నారు, ఇంకొందరు నన్ను పిలవడం మానేశారు. ఒక్కదాన్నే వేస్తే ఇంతే. అందరూ వేస్తే ఎవర్ని మానేస్తారు?

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలు ఒక్క పేజీ నమూనా ఒప్పందాన్ని తెలుగులో విడుదల చేయాలి. రేటెంత, చెల్లించే తేదీ ఏది, ఫొటో ఎక్కడ ఎన్నాళ్లు వాడతారు, ఏఐకి ఇస్తారా ఇవ్వరా: నాలుగు గళ్లు చాలు. వచ్చే సీజన్ షూట్లకు మమ్మల్ని పిలిచే షాపుల యజమానులు శాఖలు కదిలేదాకా ఆగక్కర్లేదు, తెల్లకాగితం మీద రాసిచ్చినా సంతకం పెడతాం.