మార్కులు అడగని తండ్రి

ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడ్డాయి. మన సంఘాల్లో ప్రత్యేక ప్రార్థనలు మొదలయ్యాయి. పిల్లలు హాల్‌టికెట్లు, పెన్నులు తెచ్చి ముందు బల్ల మీద పెడతారు, కాపరి వాటి మీద చేతులుంచి ప్రార్థిస్తారు. ఆ పూట పంచే వాగ్దాన కార్డు మీద తరచుగా కనిపించేది ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలోని తల, తోక మాట. పిల్లల కోసం ప్రార్థించడం మంచిదే, ప్రార్థించాలి కూడా. అయితే తల్లిదండ్రులుగా మనం దేవుణ్ణి ఏమడుగుతున్నాం, పక్కనే మోకరించిన బిడ్డకు అది ఎలా వినబడుతోంది అన్నది ఈసారి పరీక్షలకు ముందే ఆలోచించుకోవాలి.

ఫలితాల తర్వాత ఆలోచిస్తే ఎంత ఆలస్యమవుతుందో మనం చూశాం. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 18న వచ్చాయి. అది శ్రమల వారంలో గురువారం. మరునాడు గుడ్‌ఫ్రైడే, ఆదివారం ఈస్టర్. మన ఆలయాల్లో సిలువ ధ్యానాలు జరుగుతున్న ఆ రోజుల్లోనే విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొద్ది రోజుల్లో 20 మందికి పైగా బిడ్డలు పోయారు. తెలుగులో 99 మార్కులు రావలసిన అమ్మాయికి మెమోలో సున్నా పడిందని తర్వాత తేలింది. తప్పినవారి జవాబు పత్రాలను మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు. బోర్డు పొరపాట్ల మీద అప్పుడు పత్రికలు చాలా రాశాయి, రాయవలసిందే. కానీ ఆ ఏడాది తప్పినవారు 3 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు నిజంగానే తప్పారు. నిజంగా తప్పిన బిడ్డకు మనం ఏం చెబుతాం? బోర్డును నిందించినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ శిక్షణ కోసం వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదని, అందరి ముందు అవమానించకూడదని, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదని చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. తల్లిదండ్రులకు కూడా అవగాహన కల్పించాలంది. మంచి తీర్పు. అయితే కోర్టు కాలేజీ గేటు దాకా వెళ్లగలదు గానీ మన వంటింట్లోకి, ఆదివారం సాయంత్రం హాస్టల్‌కు మనం చేసే ఫోన్‌లోకి రాలేదు. అక్కడ మాట్లాడవలసింది మనమే.

మన తల్లిదండ్రులకు ప్రేమ తక్కువని ఎవరూ అనలేరు. ఫీజు కోసం అర ఎకరం అమ్మినవారు, మెడలో గొలుసు బ్యాంకులో పెట్టినవారు మన సంఘాల్లోనే ఉన్నారు. నెలకోసారి రెండు బస్సులు మారి, పచ్చడి సీసా, ఉతికిన బట్టలు పట్టుకొని హాస్టల్ గేటు ముందు ఎండలో నిలబడే తండ్రిది ప్రేమ కాక మరేమిటి? చిక్కేమిటంటే ఆ ప్రేమ బిడ్డకు అప్పులా వినబడుతోంది. ఇంత చేశాం, తీర్చు అన్నట్టు.

నా సంగతే చెబుతాను. మా అమ్మాయి ఇంటర్ హాస్టల్లో ఉన్నప్పుడు వారానికి పది నిమిషాలు ఫోన్ ఇచ్చేవారు. నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "టెస్టులో ఎన్నొచ్చాయి?" ఒక ఆదివారం తను వాళ్లమ్మతో మాట్లాడి, "నాన్నకు ఇవ్వకమ్మా" అని పెట్టేసింది. ఆ ఉదయమే నేను ఆలయంలో దేవుని తండ్రి ప్రేమ గురించి అరగంట మాట్లాడి వచ్చాను.

యొర్దాను నది దగ్గర జరిగినది మనకు కంఠస్థమే. యేసు నీళ్లలోనుండి ఒడ్డుకు రాగానే, ఈయన నా ప్రియ కుమారుడని, ఈయనయందు తాను ఆనందిస్తున్నానని తండ్రి ఆకాశం నుండి పలికాడు. అప్పటికి ప్రభువు సేవ ఇంకా మొదలే కాలేదు. సువార్తల్లో ఒక్క రోగి స్వస్థత పొందలేదు, ఒక్క ప్రసంగం జరగలేదు. తండ్రి తన సంతోషాన్ని ఫలితాలకు ముందే చెప్పేశాడు. శోధన, అలసట, సిలువ అన్నీ ఆ తర్వాతే.

లూకా 15లో తప్పిపోయిన కుమారుడు పందుల దగ్గర కూర్చొని, ఇంటికెళ్లి చెప్పవలసిన మాటలు ముందే కూర్చుకున్నాడు: పాపం చేశాను, నీ కుమారుడననిపించుకోవడానికి తగను, నన్నొక కూలివానిగా పెట్టుకో. ఇంటి దగ్గర మొదటి రెండూ చెప్పాడు. మూడోది రాలేదు. ఈలోగా తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మని పనివాళ్లను పురమాయించేశాడు. కూలివాడిగా ఉంటాననే బేరం ఆ ఇంట్లో పెట్టడానికి సందే దొరకలేదు. ఫలితాల రోజు మన పిల్లలు కూడా అలాంటి బేరాలు కూర్చుకుంటూనే ఇంటికొస్తారు. సప్లిమెంటరీలో తప్పకుండా పాసవుతాను, ఫోన్ ముట్టను, చదువు మానేసి పనికి పోతాను అని. ఆ మూడో మాట బయటికి రాకముందే మనం పరుగెత్తామా, లేక కుర్చీలో కూర్చొని మొత్తం విన్నామా?

ఇక్కడ కొందరు పెద్దలకు సందేహం వస్తుంది. షరతు తీసేస్తే పిల్లలు చదువుతారా అని. హోషేయ 11వ అధ్యాయం చూడండి. చేయి పట్టి నడక నేర్పిన తండ్రిగా దేవుడు అక్కడ మాట్లాడతాడు. తిరగబడిన జనాన్ని మందలిస్తాడు, శిక్ష గురించి చెబుతాడు, అదే అధ్యాయంలో వారిని ఎలా విడిచిపెట్టగలనని కుమిలిపోతాడు. మందలింపు ఉంది, క్రమశిక్షణ ఉంది. నువ్వు నా బిడ్డవు కావన్న మాట లేదు. నడక నేర్చుకునే పిల్లవాడు పడితే మనం కూడా లేపి నిలబెడతాం గానీ ఎన్నిసార్లు పడ్డాడో పక్కింటివాళ్లకు చెప్పుకోం. పదహారేళ్లు వచ్చేసరికి ఆ అలవాటు ఎక్కడ పోయిందో.

ఇక తల, తోక మాట. ఆ అధ్యాయం ఇశ్రాయేలు జనాంగంతో దేవుడు చేసిన నిబంధన గురించినది. పైగా ఆయన మాట విని గైకొంటేనన్న షరతుతోనే అది మొదలవుతుంది. దాన్ని ర్యాంకుల వాగ్దానంగా మార్చింది మనం. ఒకే కాలేజీలో చదివే మన రెండు సంఘాల పిల్లలిద్దరూ ఫస్ట్ రాలేరు కదా! వెనకబడిన పిల్లవాడు ఆ కార్డు చూసి, దేవుడు కూడా నన్ను తోకలోనే పెట్టాడనుకుంటే తప్పెవరిది?

ఫలితాల తర్వాతి ఆదివారం మన ఆలయాల్లో జరిగేది ఇంకా బాధ కలిగిస్తుంది. 470కి 466 వచ్చిన అమ్మాయి వేదిక మీద సాక్ష్యం చెబుతుంది, శాలువా కప్పుతారు, ఆమేన్లు మోగుతాయి. ఆమె కష్టపడింది, సంతోషిద్దాం. కానీ ఆ వారం కొన్ని కుటుంబాలు ఆరాధనకు రావు. వచ్చినా కొడుకును ఇంట్లో వదిలి వస్తారు, ఎవరైనా అడుగుతారేమోనని. కార్పొరేట్ కాలేజీ ఫ్లెక్సీ మీద ఫొటో లేని బిడ్డకు చోటుండవలసింది మన మధ్యనే. మన వేదిక కూడా ఫ్లెక్సీలాగే తయారైతే ఆ బిడ్డ ఎక్కడికి పోతాడు? ఉపమానంలోని పెద్ద కొడుకు కూడా ఎన్నేళ్లు కష్టపడ్డాడో, తనకెన్ని మేకపిల్లలు రాలేదో లెక్కలు చెప్పినవాడే. తండ్రి అతని కోసం కూడా బయటికొచ్చి బతిమాలాడు గానీ ఆ లెక్క పుస్తకాన్ని మాత్రం ముట్టుకోలేదు.

సంఘ పెద్దలకు ఒక మనవి. పరీక్ష రాస్తున్న పిల్లల పేర్లు ఎలాగూ ప్రార్థనకు ఇస్తారు. ఆ జాబితా ఫలితాల దాకా దాచండి. తప్పినవారి ఇళ్లకు ఆదివారం దాకా ఆగకుండా ఆ సాయంత్రమే వెళ్లండి. ప్రసంగం వద్దు. భోజనం వేళకు వెళ్లి వాళ్లతో కలిసి తినండి. వాగ్దాన కార్డు వెనుక 14416 అని అచ్చు వేయించండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. కౌన్సెలర్‌తో మాట్లాడటం విశ్వాసలోపమని ఏ బిడ్డకూ చెప్పవద్దు.

మా అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఒక సబ్జెక్టు తప్పింది. నేను గుమ్మంలోనే ఉన్నాను. తను ఏదో చెప్పబోయింది. "ముందు అన్నం తిను" అన్నాను. ఆ రోజు మా ఇంట్లో రాత్రి తొమ్మిది దాకా మార్కుల మాట రాలేదు. వచ్చినప్పుడు కూడా తనే ఎత్తింది.