కుదురు లేని పిల్లవాడు, నిద్ర లేని ఇల్లు

తెలుగులో 'కుదురు' చాలా మంచి మాట. అడుగు గుండ్రంగా ఉండే కుండ దొర్లిపోకుండా దాని కింద పెట్టే గడ్డిచుట్టను కుదురంటారు. నీళ్ళు మోసేవారు నెత్తిమీద పెట్టుకొనేది చుట్టకుదురు. చెట్టు మొదట నీరు నిలవడానికి తీసే పాదుకూ కుదురనే పేరుంది. ఈ మాటనే మనం మనిషికి కూడా అన్వయించి, "వీడికి బొత్తిగా కుదురు లేదు" అని పిల్లవాణ్ణి విసుక్కుంటాం. అయితే కుండ తన కుదురును తాను చుట్టుకోలేదనీ, ఆ పని ఇంటివారిదనీ మాత్రం విసుక్కొనేటప్పుడు మనకు గుర్తు రాదు.

ఈ కుదురులేనితనంలో ఒక రకానికి వైద్యులు ఎ.డి.హెచ్.డి. అని పేరు పెట్టారు. అవధాన లోపం, అతి చురుకుదనం, ఆగలేనితనం కలగలిసిన స్థితి అది. (అష్టావధానానికి పుట్టినిల్లయిన భాషలో 'అవధాన లోపం' అని రాయవలసి రావడం కొంచెం చిత్రంగానే ఉంది.) ఇది టీవీలు, సెల్‌ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బని మన పెద్దలు కొందరు వాదిస్తారు. నిజం కాదు. 1840ల్లోనే హైన్రిష్ హాఫ్‌మన్ అనే జర్మన్ వైద్యుడు భోజనం బల్ల దగ్గర ఒక్క క్షణం నిలకడగా కూర్చోలేని ఫిలిప్ అనే పిల్లవాణ్ణి తన బొమ్మల పుస్తకంలో చిత్రించాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలను గురించి ఉపన్యాసాలిచ్చాడు. ఇప్పటి పేరు మాత్రం 1987 నాటిది. కాబట్టి ఇది తల్లి గారాబం వల్ల వచ్చినదీ కాదు, దిష్టి వల్ల వచ్చినదీ కాదు. తాయెత్తుతో పోదు. తన్నులతో అసలే పోదు.

నేను వైద్యుణ్ణి కాను. తెలుగు పాఠం చెప్పుకొని బతికినవాణ్ణి. ఆ జబ్బుకు చికిత్స చెప్పే అర్హత నాకు లేదు. నేను చెప్పదలచినది ఒక్కటే. ఇటువంటి పిల్లవాడి విషయంలో పగలు జరిగేవాటిని గురించే అందరం మాట్లాడుతున్నాం. బడిలో ఏం చేశాడు, ఎవరిని కొట్టాడు, ఎన్ని పెన్సిళ్ళు పోగొట్టాడు? రాత్రి ఎప్పుడు నిద్రపోయాడని అడిగేవారు లేరు. ఈ పిల్లల్లో చాలామందికి నిద్ర ఒక సమస్య. పడుకోవడానికి మొండికేస్తారు, పడుకున్నా చాలాసేపు నిద్ర పట్టదు, పట్టినా కలతనిద్ర. వీరిలో పలువురికి శరీరంలోని గడియారమే కొంత ఆలస్యంగా నడుస్తుందనీ, నిద్రను పిలిచే మెలటోనిన్ అనే రసం పొద్దుపోయి ఊరుతుందనీ పరిశోధకులు గమనించారు. అంటే అది పొగరు కాదు. అలాగని చేతులు ముడుచుకొని కూర్చోవలసిన విషయమూ కాదు.

ఇక్కడ పెద్దలను మోసం చేసే సంగతి ఒకటుంది. నిద్ర చాలకపోతే మనం ఆవులిస్తాం, తూగుతాం, జోగుతాం. పసివాడు అలా కాదు. నిద్ర చాలనికొద్దీ రెచ్చిపోతాడు, గెంతుతాడు, అయినదానికీ కానిదానికీ ఏడుస్తాడు. అది చూసి "వీడికి నిద్రే రావడం లేదు, ఇంకా ఎంత హుషారుగా ఉన్నాడో" అనుకుంటాం. అది హుషారు కాదు, అలసట. ఎ.డి.హెచ్.డి. ఉన్న పిల్లవాడి విషయంలో ఈ అలసట అసలు జబ్బు మీద ఎక్కి కూర్చుంటుంది. ఏది జబ్బు చేసే అల్లరో, ఏది నిద్రలేమి చేసే అల్లరో విడదీయడం వైద్యులకే కష్టమవుతుంది.

మరి ఎంత నిద్ర కావాలి? అమెరికాలోని నిద్రావైద్య సంఘం 2016లో ఒక లెక్క ప్రకటించింది. 3 నుంచి 5 ఏళ్ళ వారికి పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, 6 నుంచి 12 ఏళ్ళ వారికి 9 నుంచి 12 గంటలు. ఇప్పుడు మన పల్లెల లెక్క చూడండి. పట్నంలోని ప్రైవేటు బడి బస్సు ఊళ్ళోకి ఏడు గంటలకే వస్తుంది. పిల్లవాణ్ణి ఆరింటికి లేపాలి. పది గంటల నిద్ర కావాలంటే రాత్రి ఎనిమిదికి, తొమ్మిదైనా కావాలంటే తొమ్మిదికి నిద్ర పట్టి ఉండాలి. పక్క మీద చేరడం కాదు, నిద్ర పట్టడం. మన ఇళ్ళలో తొమ్మిదింటికి ఏం జరుగుతూ ఉంటుందో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. ఒక గదిలో సీరియల్, ఇంకో మూల ఫోన్‌లో ఏవో వీడియోలు, అప్పుడే యార్డు నుంచో పొలం నుంచో వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న తండ్రి. ఏప్రిల్, మే నెలల్లో ఐ.పి.ఎల్. ఆట మొదలయ్యేదే ఏడున్నరకు, ముగిసేది పదకొండు దాటాక.

మన ప్రాంతానికి ఇంకొక చిక్కుంది. నగరంలో పుట్టిన నిద్ర సలహాలన్నీ, పిల్లవాడికి ఒక గది, ఒక మంచం, ఏడాది పొడుగునా ఒకే వేళ అని ఊహించుకొని రాసినవి. చిలకలూరిపేట, పెదనందిపాడు, పర్చూరు చుట్టుపక్కల రైతు ఇంట్లో ఏడాది అలా నడవదు. పత్తి తీతల కాలం వచ్చిందంటే, ధర కోసం ఆగిన ఇళ్ళలో పడకగదే పత్తికొట్టు అవుతుంది. పిల్లవాడి పక్క వసారాలోకి పోతుంది. సంక్రాంతి దాటాక మిరప కోతలు. తల్లి చీకటితోనే లేచి క్యారియర్ సర్దుకొని వెళుతుంది. ఆ అలికిడికి ఆమె పక్కన పడుకున్నవాడూ లేస్తాడు. ఆ తరువాత కల్లాలు. ఎర్రగా పరచిన కాయకు దొంగల భయం, మబ్బు పడితే పట్టాలు కప్పే తొందర. తండ్రి కల్లం దగ్గరే పడుకుంటాడు, కొడుకు నేనూ వస్తానంటాడు. అక్కడ చల్లగాలీ నక్షత్రాలూ బాగానే ఉంటాయి కాని, నిద్రకాచేవాడి చేతిలో ఫోను ఉంటుంది, ఘాటుకు పిల్లవాడు రాత్రంతా దగ్గుతూనే ఉంటాడు. సరుకు గుంటూరు యార్డుకు చేరి, డబ్బు చేతికొచ్చేదాకా ఇంట్లో ఎవరికీ కంటినిండా కునుకుండదు. ఇది ఎవరి తప్పనీ అనను. అది వారి బతుకు. కానీ జనవరి నుంచి ఏప్రిల్ దాకా పిల్లవాడి గురించి బడి నుంచి వచ్చే ఫిర్యాదులకూ ఈ కల్లాలకూ సంబంధం ఉండవచ్చునని ఎవరికీ తోచకపోవడం మాత్రం నాకు బాధగా ఉంటుంది.

ఒకప్పుడు నా దగ్గర చదువుకొన్న ఒక కౌలు రైతు, ఏడేళ్ళ కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. "మాస్టారూ, వీడితో వేగలేకపోతున్నామండీ. బళ్ళో ఉంచుకోమంటున్నారు. ఏదైనా హాస్టల్లో పడేస్తే దారికొస్తాడేమో చెప్పండి" అన్నాడు. వాడు ఆ కాసేపట్లోనే నా పుస్తకాల బీరువా రెండుసార్లు తెరిచి మూశాడు. "ఏరా అబ్బాయ్, రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" అని అడిగితే వాడు తండ్రి వంక చూశాడు. తండ్రి నా వంక చూశాడు. ఎవరికీ తెలియదు! హాస్టలు మాట తరువాత, ముందు పిల్లల మానసిక వైద్యుడికి చూపించమన్నాను. ఆ వైద్యుడు మందు రాయకముందే రెండు వారాల పాటు నిద్ర పట్టిక రాయమన్నారట. రాసేపని నాయనమ్మకు అప్పగించారు. ఆమె క్యాలెండరు మీదనే అంకెలు వేసింది. పదకొండు, పదకొండున్నర, పన్నెండు. లేచేది ఆరుకు. ఆ క్యాలెండరే ఇంట్లోవారి కళ్ళు తెరిపించింది. ఇప్పుడు వాడి జబ్బు పోయిందని చెప్పను, పోలేదు. మందు కూడా వాడుతున్నారు. కాని వాడు అదే బడిలో ఉన్నాడు, హాస్టలు మాట ఎవరూ ఎత్తడం లేదు.

నిద్ర ఇంత పని చేస్తుందా అని సందేహించేవారికి రెండు పరిశోధనలు చెబుతాను. 2012లో కెనడాలోని మాంట్రియల్‌లో 7 నుంచి 11 ఏళ్ళ మధ్య పిల్లలు 34 మందిని తీసుకొని, కొందరి నిద్రను అయిదు రాత్రులు కొంచెం పెంచారు, మరికొందరిది తగ్గించారు. వీరు ఎ.డి.హెచ్.డి. లేని మామూలు పిల్లలే. ఎవరిది పెంచారో, ఎవరిది తగ్గించారో బడిలో టీచర్లకు చెప్పలేదు. సగటున 27 నిమిషాలు ఎక్కువ నిద్రపోయిన పిల్లలు మెరుగ్గా ఉన్నారనీ, నిద్ర తగ్గినవారు చిరాకుగా, నిలకడ లేకుండా ఉన్నారనీ ఆ టీచర్లే గుర్తించారు. 27 నిమిషాలంటే మన సీరియల్ ఒక్కటి! రెండోది 2015లో ఆస్ట్రేలియాలో అచ్చంగా ఎ.డి.హెచ్.డి. పిల్లలు 244 మంది మీద జరిగింది. తల్లిదండ్రులకు రెండుసార్లు కూర్చోబెట్టి పడక అలవాట్లు చెప్పి, ఒకసారి ఫోనులో మాట్లాడారు. అంతే. ఆ పిల్లలకు నిద్ర బాగుపడింది, జబ్బు లక్షణాలూ కొంత తగ్గాయి. కొంతే. అద్భుతాలేవీ జరగలేదు. అయినా మందూ మాకూ లేని పనికి ఆ కొంత తక్కువేమీ కాదు.

ఆ అలవాట్లలో అన్నిటికన్నా నాకు నచ్చినది, మొదట వింటే తలకిందులుగా తోచేది ఒకటుంది. పదకొండుకు గాని నిద్రపట్టని పిల్లవాణ్ణి ఉన్నట్టుండి తొమ్మిదింటికి పక్కమీదికి తోసి లైటు ఆర్పితే, ఆ రెండు గంటలూ ఏడుపులూ తన్నులాటలే. పక్క అంటేనే వాడికి కసి పుడుతుంది. అందుకని ముందు కొన్నాళ్ళు వాడికి సహజంగా నిద్ర వచ్చే వేళకే, పదకొండుకే, పడుకోబెట్టాలి. పక్క చేరగానే నిద్రపట్టడం అలవాటయ్యాక, నాలుగైదు రోజులకు ఒకసారి 15 నిమిషాల చొప్పున వెనక్కి జరుపుకుంటూ రావాలి. లేచే వేళ మాత్రం ఆదివారమైనా మారకూడదు. మారితే కట్టిందంతా కూలినట్టే. పడుకొనే ముందు రోజూ ఒకే వరుస ఉండాలి. స్నానమో కాళ్ళు కడగడమో, తరువాత పాలు, తరువాత కథ, తరువాత చీకటి. ఈ పిల్లలకు "ఇక పడుకో" అనే ఒక్క ముక్క చాలదు. ఒక పనిలోంచి ఇంకొక పనిలోకి దాటడమే వీరికి కష్టం. వరుస ఉంటే అది చేయి పట్టుకొని దాటిస్తుంది. లాలిపాట, జోలపాట చేసే పనీ ఇదే. అన్నమయ్య అంతటివాడు లాలిపాటలు కట్టాడంటే ఆ పని చిన్నదని ఎలా అనగలం? బూచాడొస్తాడని మాత్రం భయపెట్టవద్దు. భయపడ్డవాడికి నిద్ర రాదు.

మన ఇళ్ళలో పిల్లలు తల్లి పక్కలోనో నాయనమ్మ పక్కలోనో పడుకుంటారు. విదేశీ పుస్తకాలు దీన్ని తప్పని చెబితే పట్టించుకోనక్కరలేదు. కుదురులేని పిల్లవాడి వీపు మీద చెయ్యి ఒకటి ఉండడం మేలే. అయితే దానికి వెల ఉంది. పెద్దవారి పడక వేళే పిల్లవాడి పడక వేళ అయిపోతుంది. రెండు గదుల ఇంట్లో వాడొక్కడే నిద్రపోవడం కుదరదు. ఇల్లే నిద్రపోవాలి. నిజం చెప్పాలంటే అందరూ దాటవేసేది ఇక్కడే. మందులకు వేలు పెట్టడానికి సిద్ధపడే తండ్రి, ఎనిమిదిన్నరకు ఫోను పక్కన పెట్టమంటే నొచ్చుకుంటాడు. సీరియల్ ఆపమంటే అత్తగారికి కోపం. కోడలు చెబితే గొడవ, అందుకే ఆ మాట మామగారో, ఇంటికి పెద్దగా ఉన్నవారో చెప్పాలి. అన్ని రాత్రులూ కుదరకపోయినా, కల్లాల రోజుల్లో తండ్రి వెంట పంపకుండా నాయనమ్మ దగ్గరే ఉంచడం కుదురుతుంది. వసారాలో పక్క వేసినా దోమతెర అదే, దుప్పటి అదే ఉంచడం కుదురుతుంది.

కొన్ని మాత్రం వైద్యుడే చూడవలసినవి. పిల్లవాడు గురక పెడుతున్నా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా టాన్సిల్స్, ముక్కు వెనుక ఉండే అడినాయిడ్స్ చూపించాలి. ఊపిరి ఆడక నిద్ర చెడినవాడు పగలు అచ్చం ఎ.డి.హెచ్.డి. పిల్లవాడిలాగే ప్రవర్తించగలడు. కాళ్ళు పీకుతున్నాయని రాత్రి పూట కొట్టుకుంటుంటే శరీరంలో ఇనుము నిల్వలు తగ్గాయేమో పరీక్షించమని అడగాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి ఇది అరుదైన సంగతి కాదు. అలాగని టానిక్కు మనమే కొని పట్టకూడదు, ఇనుము ఎక్కువైతే విషం. ఎ.డి.హెచ్.డి.కి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ వంటి మందు పొద్దుపోయి వేస్తే నిద్రను దూరం చేయవచ్చు. ఏ వేళకు వేయాలో వైద్యుణ్ణే అడగాలి, సొంతంగా మానేయరాదు. ఇక మత్తుగా పడుకుంటాడని దగ్గుమందు పట్టే అలవాటు కొన్ని ఇళ్ళలో ఉంది. అది నేరమంటాను. జలుబుకు వాడే ఒక మందుల మిశ్రమాన్ని నాలుగేళ్ళ లోపు పిల్లలకు ఇవ్వరాదని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ అధికారే ఆదేశించాడు.

ఖర్చుకు వెనకాడేవారు తెలుసుకోవలసినది ఒకటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనూ ప్రభుత్వ బడుల్లోనూ పిల్లలకు చేసే ఉచిత పరీక్షల జాబితాలో ఎ.డి.హెచ్.డి. కూడా ఉంది. ఆ బృందం వచ్చినప్పుడు టీచరు పేరు పెట్టి చెబితే చాలు.

బడుల మాట కూడా అనక తప్పదు. విద్యార్థికి ఉండవలసిన లక్షణాలలో శ్వాననిద్ర ఒకటని గోడల మీద రాసి పెడుతుంటారు. ఆ శ్లోకం గురుకులంలో చేరిన బ్రహ్మచారికి చెప్పినదే గాని ఒకటో తరగతి పసివాడికి చెప్పినది కాదు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం శరీరానికి ఆధారాలని చెప్పిన చరకుణ్ణి ఏ గోడ మీదా రాయరు! ఒకటి, రెండు తరగతులకు ఇంటిపని ఇవ్వరాదని 2018 నవంబరులో కేంద్ర మానవ వనరుల శాఖ రాష్ట్రాలకు చెప్పింది. అయినా సాయంత్రం ట్యూషనూ, రాత్రి ఎనిమిది దాకా స్టడీ అవరూ ఆరేళ్ళవాళ్ళకు నడుస్తూనే ఉన్నాయి. అలా పట్టి కూర్చోబెట్టిన పిల్లవాడే మరునాడు మొదటి పీరియడులో బల్ల మీద గెంతుతుంటే, తల్లిని పిలిపించి నిలబెడతారు. ఆమెను అడిగే ముందు తమ టైంటేబులును చూసుకోవాలని ఆ యాజమాన్యాలకు ఎవరు చెప్పాలి?

మొదలుపెట్టేవారికి మే నెల అనుకూలం. వడగాడ్పులకు పగలు నిద్రపుచ్చవలసి వస్తే భోజనం కాగానే ఒక గంట చాలు, మూడు దాటనివ్వవద్దు. రాత్రి డాబా మీద పక్క వేసుకొనేవారు పిల్లవాడితో పాటు ఫోను మాత్రం పైకి తేవద్దు. బస్సు తొందర లేదు, కల్లాలు అయిపోయి ఉంటాయి. పదకొండు నుంచి పదిహేను నిమిషాల చొప్పున జరుపుకుంటూ వస్తే, జూన్‌లో బడి తెరిచేనాటికి తొమ్మిదిన్నరకు దగ్గరగా రావచ్చు.