వెయిటేజీ పేరిట వంచన

పదిహేనేళ్లుగా తెలంగాణ పల్లెల్లో పసిబిడ్డలకు టీకాలు వేస్తున్న కాంట్రాక్టు ఏఎన్ఎంలు 2024 డిసెంబరు 29, ఆదివారం నాడు పర్మనెంట్ ఉద్యోగం కోసం కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. 1,931 పోస్టులకు పోటీ. 2023 ఆగస్టులో సమ్మె చేశారు, ఆ తర్వాత ధర్నాలు చేశారు. ప్రభుత్వం మారింది గానీ పరీక్ష ఆగలేదు. సేవకు వెయిటేజీ ఇస్తున్నాం కదా, అన్యాయం ఎక్కడుందన్నది పాలకుల వాదన. ఈ వ్యవహారం మొత్తంలో ఇంతకంటే నిజాయతీ లేని మాట మరొకటి లేదు.

లెక్క చూడండి. ఆర్నెల్ల సేవకు రెండు పాయింట్లు, గిరిజన ప్రాంతమైతే రెండున్నర. దానికో గరిష్ఠ పరిమితి ఉంది. అది ఇరవై అయితే మైదాన ప్రాంతంలో అయిదేళ్లకే నిండుతుంది, ముప్పై అయినా ఏడున్నరేళ్లకు నిండుతుంది. ఆపైన చేసిన చాకిరీకి దక్కేది సున్నా. 2008లో సబ్‌సెంటర్‌లో కాంట్రాక్టు మీద చేరిన సెకండ్ (రెండో) ఏఎన్ఎంకు, 2015లో చేరినామెకు ఒకే పాయింట్లు. మధ్యలోని ఏడేళ్లూ ఏమైనట్టు? ఆ ఏళ్లలో ఎన్ని కాన్పులకు తోడు వెళ్లింది, ఎన్నిసార్లు వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని తండాలకు నడిచింది, ఎంతమంది గర్భిణుల్లో రక్తహీనతను ముందే పసిగట్టి పీహెచ్‌సీకి పంపింది? ప్రభుత్వ పట్టికలో వాటికి గడి లేదు.

మిగతా మార్కులన్నీ రాతపరీక్షవే. పుస్తకాలు వదిలి ఏళ్లు గడిచిన నడివయసు మహిళ, నిన్నగాక మొన్న శిక్షణ ముగించి కోచింగ్ తీసుకున్న అమ్మాయితో పోటీ పడాలి. ఆ అమ్మాయికి పగలంతా చదువుకునే వీలుంది. ఈమె పగలంతా ఇంటింటి సర్వేలో ఉంటుంది, రాత్రి ట్యాబ్‌లో వివరాలు ఎక్కిస్తుంది. కేసీఆర్ కిట్ నమోదు, కంటి వెలుగు, కొవిడ్ టీకాలు, బీపీ–షుగర్ పరీక్షలు అంటూ పథకం వచ్చిన ప్రతిసారీ భారం మోసింది ఈమే.

రోగికి నాణ్యమైన సేవ అందాలంటే పరీక్ష ఉండాలంటారు. అదే నిజమైతే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆదివారం పరీక్షలో వెనకబడిన ఏఎన్ఎం బుధవారం టీకాల రోజున ఏం చేస్తుంది? కాంట్రాక్టు మీద ఎప్పటిలాగే ఊళ్లోకి వెళ్లి, అదే చేత్తో, అదే బిడ్డకు సూది వేస్తుంది. ఆ పనికి పనికొచ్చే మనిషి ఆ జీతానికి పనికిరాకుండా ఎలా పోయింది? ఇక్కడ కొలుస్తున్నది నైపుణ్యాన్ని కానే కాదు. ఒమన్‌లో ఉద్యోగానికి వెళ్లే మన నర్సులూ లైసెన్సు పరీక్ష రాస్తారు. కానీ పనిలో చేరకముందే. పదిహేనేళ్లు పని చేయించుకుని పెట్టే పరీక్షను అర్హత పరీక్ష అనరు.

ఈ రాష్ట్రంలో మాతృ మరణాల రేటు లక్ష సజీవ జననాలకు 92 నుంచి 43కు తగ్గిందని, దేశంలో మూడో స్థానంలో ఉన్నామని 2018–20 లెక్కలు చూపి ఘనంగా చాటుకున్నాం. గర్భిణి పేరు నమోదు నుంచి బాలింత ఇంటికి వెళ్లి పలకరించేదాకా ఆ పనిలో ఏఎన్ఎం లేని దశ లేదు. ఘనత సర్కారు ఖాతాలోకి వెళ్లింది, అనుమానం ఆమె నెత్తిన పడింది.

పైగా 2023 ఏప్రిల్ 30న, కొత్త సచివాలయం ప్రారంభమైన రోజున, 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించారు. వారిలో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లు. వారికి న్యాయం జరిగింది, సంతోషం. వారికి అడ్డురాని పోటీ పరీక్ష సబ్‌సెంటర్‌లోని ఆడవాళ్లకే ఎందుకు అడ్డొచ్చింది?

దొడ్డిదారి నియామకాలు చెల్లవని ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది, 2024 నవంబరులో మన హైకోర్టు కూడా క్రమబద్ధీకరణ నిబంధనను కొట్టేసింది. కొత్తగా చదివిన నిరుద్యోగుల ఆశలూ కాదనలేనివే. అయితే కేంద్ర జల సంఘంలో ఊడ్చే పని, తోటపని చేసిన కార్మికుల కేసులో 2024 డిసెంబరు 20న అదే సుప్రీంకోర్టు, ఏళ్ల తరబడి నిత్యావసర పని చేయించుకున్నవారిపై ఉమాదేవి తీర్పును ఆయుధంగా వాడొద్దని హెచ్చరించింది. ఆ తీర్పు వెలువడిన తొమ్మిది రోజులకే ఈ పరీక్ష. మంజూరైన పోస్టులు లేవనడం కూడా చెల్లదు. మంజూరు చేయాల్సింది ప్రభుత్వమే.

పదేళ్లు దాటిన సెకండ్ ఏఎన్ఎంలను ఈ పోటీ నుంచి వేరు చేయాలి. వారి కోసం పోస్టులు మంజూరు చేసి, సర్వీసు రికార్డు ఆధారంగా నియమించాలి. 1,931 పోస్టులు కొత్తవారికి వదలాలి. మంత్రివర్గం ఈ నిర్ణయం తీసుకోవాలి.