రాయచూరు యుద్ధం అయిజ పొరుగునే.. కాగితాలేమో పారిస్‌లో! చదివి చెప్పే సారు ఎక్కడ?

అయిజలో బస్సెక్కి పడమరకు పోతే కాసేపటికే కర్ణాటక వచ్చేస్తుంది. ఆ దారిలోనే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు, బీజాపూర్ సుల్తాన్ ఇస్మాయిల్ ఆదిల్ షా తలపడింది ఈ కోట కోసమే. కృష్ణా, తుంగభద్రల మధ్య నేలంతా అప్పట్లో యుద్ధభూమే. ఆ నేలకు తూర్పు కొసనే మనం నడిగడ్డ అంటున్నాం. అయిజ, గద్వాల, అలంపూర్ అన్నీ అందులోనివే. ఈ తరానికి ఇక్కడి గొడవంటే ఆర్డీఎస్ కాల్వ నీళ్లు, 87,500 ఎకరాల ఆయకట్టు. 500 ఏళ్ల కింద ఇదే గడ్డ మీద ఫిరంగులు పేలాయి.

పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ యుద్ధానికి దక్కేది ఒక్క లైను. సంవత్సరం, ఎవరు గెలిచారు, అంతే. అసలు కథ ఆ లైను వెనకాల ఉంది.

ఆ తేదీ ఎలా తేలిందో చూడండి. యుద్ధం గురించి ఎక్కువ వివరంగా రాసింది ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. ఆయన రాత ప్రతి పారిస్ జాతీయ గ్రంథాలయంలో దొరికింది. 1897లో లిస్బన్‌లో అచ్చయింది. 1900లో రాబర్ట్ స్యూయెల్ ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. నూనిజ్ వేసిన ఏడాది 1522. కానీ ఆయన చెప్పిన వారం, తిథి ఆ ఏడాదికి కుదరడం లేదు. స్యూయెల్ పంచాంగం లెక్క కట్టి 1520 మే 19, శనివారం అని తేల్చారు. అంటే మనవాళ్లు బట్టీ పట్టే తేదీ ఎవరో ఒకాయన కూర్చుని, అనుమానపడి, లెక్కగట్టి సరిచేసింది.

ఇంకో చిక్కు. యుద్ధం ఎందుకు గెలిచారన్న దగ్గర రెండు కథలున్నాయి. నూనిజ్ ప్రకారం బీజాపూర్ ఫిరంగుల దెబ్బకు విజయనగర ముందు వరుస చెదిరింది. రాయలు చావుకు సిద్ధపడి సైన్యాన్ని మళ్లీ కూడగట్టాడు. బీజాపూర్ వైపు చరిత్ర రాసిన ఫెరిష్తా మాత్రం, సుల్తాన్ మద్యం మత్తులో ఏనుగుల మీద నది దాటమన్నాడని, అదే కొంప ముంచిందని రాశాడు. ఎవరిది నిజం? గెలిచినవాళ్లకు వీరత్వం కావాలి, ఓడినవాళ్లకు సాకు కావాలి. యుద్ధ చరిత్ర చెప్పే టీచర్ పని మొదలయ్యేదే ఇక్కడ. అమెరికా చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2009లో ఈ యుద్ధం మీద రాసిన వ్యాసంలో తుపాకులు, ఫిరంగులు దక్కన్‌లో ఎలాంటి మార్పు తెచ్చాయో చర్చించారు. కోట ముట్టడిలో క్రిస్టోవావ్ ద ఫిగరేడో అనే పోర్చుగీసు మనిషి వెంట వచ్చిన 20 మంది తుపాకీ వీరుల పాత్రనూ ప్రస్తావించారు. ఇవన్నీ ఇంగ్లిష్‌లో, అదీ పరిశోధన పత్రికల్లో ఉన్నాయి. అయిజ డిగ్రీ పిల్లాడి చేతికి ఎలా అందుతాయి?

అందుకే ఇప్పుడు యుద్ధ చరిత్ర పాఠం, డిజిటల్ ఆర్కైవ్ పరిశోధన రెండూ ఒకే మనిషి చేసే అధ్యాపక పోస్టు అనే ఆలోచన పనికొస్తుంది. వారంలో కొన్ని రోజులు క్లాసు, మిగతా రోజులు పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, చదివి, వివరాలు రాసి అందరికీ అందుబాటులో పెట్టడం. వినడానికి పెద్ద ఊళ్ల ముచ్చటలా ఉంటుంది. కానీ దీని అవసరం పాలమూరు వైపే ఎక్కువ.

ఎందుకంటే ముడిసరుకు ఇక్కడ కుప్పలుగా ఉంది. రాయచూరు కోట గోడలో 40 అడుగులు దాటిన రాతి మీద 1294 నాటి తెలుగు శాసనం ఉంది. కోట కట్టించింది గోన గన్నారెడ్డి తరఫున విఠలనాథుడని అది చెబుతుంది. 2015లో వచ్చిన రుద్రమదేవి సినిమాలో అల్లు అర్జున్ వేసిన పాత్ర ఈ గన్నారెడ్డిదే. ఆయన వర్ధమానపురం నుంచి ఏలాడు, అంటే నేటి నాగర్‌కర్నూల్ జిల్లా నందివడ్డెమాన్. సినిమా చూసినవాళ్లు లక్షల్లో ఉంటారు, రాయి చూసినవాళ్లు ఎందరు? వనపర్తి సంగతి ఇంకోటి. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ పేరు నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ దళం మూలాలు వనపర్తి సంస్థానం పెంచిన సైన్యంలో ఉన్నాయని చెబుతారు. ఇక గద్వాలలో డిగ్రీ కాలేజీ నడుస్తున్నదే కోట లోపల!

కాగితాల గని మాత్రం హైదరాబాద్ తార్నాకలో ఉంది. రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలపు మొగలు పత్రాలే దాదాపు లక్షన్నర. వాటిలో ‘అర్జ్ ఓ చెహ్రా’ అనే రకం చాలా విచిత్రం. సిపాయి ముఖం ఎలా ఉంది, మచ్చలెక్కడున్నాయి, గుర్రం రంగేంటి, దానికి వేసిన ముద్రేంటి.. అన్నీ రాసేవారు. ఇప్పటి ఆధార్ లాంటిదే అనుకోండి. ఒకరి గుర్రం ఇంకొకరు చూపించి జీతం కొట్టేయకుండా ఈ ఏర్పాటు. చిక్కల్లా, ఎక్కువ పత్రాలు ఫార్సీలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. అది చదవగలిగేవాళ్లు తగ్గిపోతున్నారు. 2022లో ఢిల్లీలోని నూర్ మైక్రోఫిల్మ్ సెంటర్‌తో డిజిటైజేషన్‌కు ఒప్పందం కుదిరింది. మంచిదే. కానీ ఫొటో తీసిన కాగితం దానంతట అది మాట్లాడదు. ఎవరి పేరు, ఏ ఊరు, ఏ తేదీ అని పక్కన రాసిపెట్టకపోతే వెతికినా దొరకదు. బీరువాలో ఉన్నది హార్డ్ డిస్క్‌లోకి మారుతుంది, అంతే.

పక్క దేశం ఉదాహరణ చూస్తే తేడా తెలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన పంజాబ్ సైనికుల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో దాదాపు వందేళ్లు మూలన పడ్డాయి. మొత్తం 3,20,000 మంది వివరాలు. బ్రిటన్‌లోని పంజాబ్ హెరిటేజ్ అసోసియేషన్, గ్రీనిచ్ యూనివర్సిటీ కలిసి 2021 నవంబర్‌లో మొదటి విడతగా మూడు జిల్లాల పేర్లు ఆన్‌లైన్‌లో పెట్టాయి. మనవళ్లు, మునిమనవళ్లు తాతల పేర్లు ఊరి పేరుతో వెతుక్కున్నారు. అక్కడ స్కానర్‌తో పాటు యూనివర్సిటీ మనిషి ఉన్నాడు.

ఢిల్లీ వైపు నుంచీ తలుపు కొంచెం తెరుచుకుంది. 2021 జూన్‌లో రక్షణ శాఖ తెచ్చిన విధానం ప్రకారం యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలి. యుద్ధం ముగిశాక ఐదేళ్లలో చరిత్ర రాయడం పూర్తవ్వాలి. కార్గిల్ యుద్ధానికి 2024లోనే 25 ఏళ్లు నిండాయి. ఏం బయటపెట్టాలో తేల్చేది మళ్లీ ఆయా విభాగాలే కాబట్టి మొత్తం ఒకేసారి వస్తుందని ఆశ పెట్టుకోలేం. వచ్చిన కొద్దీ చదివేవాళ్లైతే కావాలి.

మరి అడ్డంకి ఎక్కడ? డబ్బు మాట పక్కన పెడితే, రూల్స్ దగ్గర. యూజీసీ నెట్‌లో హిస్టరీ వేరు, డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ వేరు. రెండూ కలిసిన మనిషిని ఏ గడిలో పెట్టాలో నోటిఫికేషన్ రాసేవాళ్లకే అర్థం కాదు. 2018 యూజీసీ రూల్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. మిగిలిన టైంలో పరీక్షలు, పేపర్లు, కమిటీలు. తార్నాకకు వెళ్లేదెప్పుడు? ప్రమోషన్ దగ్గరా అదే తంతు. పరిశోధన వ్యాసానికి పాయింట్లున్నాయి, పుస్తకానికి ఉన్నాయి, ఆన్‌లైన్ కోర్సుకూ ఉన్నాయి. వేల పత్రాలకు వివరాల పట్టిక కట్టినవాళ్లకు నేరుగా గడి కనిపించదు. తెలివైనవాళ్లెవరైనా ఆ పని ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు?

పాలమూరు యూనివర్సిటీకి గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ సెంటర్లున్నాయి. అక్కడ ఇలాంటి ఒక్క పోస్టు పెట్టాలన్నా క్లాసు గంటలు సగానికి తగ్గించి, ఆర్కైవ్ పనిని పాఠంతో సమానంగా లెక్కేసే చిన్న మార్పు ముందు కావాలి. మూల వేతనం రూ.57,700 దగ్గర మొదలవుతుంది. కాంట్రాక్టు మీద పదకొండు నెలలకోసారి మార్చే పద్ధతి దీనికి పనికిరాదు. గొలుసుకట్టు ఫార్సీ చేతికి రావడానికే ఏళ్లు పడుతుంది మరి.