మూడేళ్ళకే పాతదైతే...

వీడియో గేమ్ కన్సోల్‌కు ఒక సుగుణముండేది. కొన్నవారందరి వద్దా ఒకే యంత్రం; ఆట ఎవరింట్లోనైనా ఒకేలా సాగేది. సోనీ సంస్థ ప్లేస్టేషన్ 2ను 2000లో, మూడవదానిని 2006లో, నాలుగవదానిని 2013లో తెచ్చింది. ఒకసారి వెచ్చించిన తల్లిదండ్రులకు ఆరేడేళ్ళ నిశ్చింత ఉండేది.

2016లో, మూడేళ్ళకే, ప్లేస్టేషన్ 4 ప్రో వచ్చింది. అప్పటినుండి ఆటల రూపకర్తలు ప్రతి ఆటనూ రెండు యంత్రాలపైనా సరిచూడవలసి వచ్చింది. 2020 డిసెంబరులో విడుదలైన సైబర్‌పంక్ 2077 పాత ప్లేస్టేషన్ 4పై తడబడింది. తొందరపాటు విడుదల కూడా అందుకు కారణమే. సోనీ దానిని తన స్టోర్ నుండి తొలగించి, 2021 జూన్‌లో తిరిగి చేర్చినప్పుడు ప్రోపైగానీ ప్లేస్టేషన్ 5పైగానీ ఆడటం మేలని సూచించింది. మొదట కొన్నవారు ఆ విధంగా వెనుకబడిపోయారు.

2024లో ప్లేస్టేషన్ 5 ప్రో వచ్చింది. విడుదలైనప్పుడు అమెరికాలో దాని ధర సుమారు 700 డాలర్లు ఉండేది. డిస్క్ డ్రైవ్ వేరుగా కొనాలి.

మా అభ్యంతరం కొత్తదనంపై కాదు, బాగా పనిచేసే వస్తువును పాతదనిపించే తొందరపై. పిల్లలు కొత్తది అడిగినప్పుడు ఒక్క ప్రశ్న వేద్దాం: ఉన్నది చెడిపోయిందా, లేక మరొకటి వచ్చిందా? ఆ రెండూ ఒకటి కావు.